గట్టు మీద నిలబడటం

మా చేనుకి నీళ్లు లేవు. అంటే, కాగితాల్లో లేవు. దర్శికి కాస్త ఇవతల, సాగర్ కుడి కాలువ నుంచి చీలిన పిల్ల కాలువ ఒకటి మా ఊరి పొలాల్లోకి వస్తుంది. ఆ కాలువ కింద తడవాల్సిన భూముల లెక్కలో మా ముక్క లేదు. అది వాగు ఒడ్డున పల్లంగా, తుమ్మచెట్లతో పడి ఉండేది. ఎప్పుడో ప్రభుత్వం దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి మా పేటలో కొందరికి పట్టాలిచ్చింది. మిగతావాళ్లు చూసి, దండం పెట్టి, మళ్లీ తుమ్మచెట్లకే వదిలేశారు. మా అమ్మ మొండిది. నాన్న పోయాక మొద్దులన్నీ తవ్వించి, దాన్ని మిరపచేను చేసి కూర్చుంది. బోరు వేయిస్తే ఉప్పునీళ్లు పడ్డాయి. నోట్లో పోసుకుంటే ఉమ్మేయాల్సిన నీళ్లు మొక్కకి మాత్రం ఎలా పోస్తాం? వాగు సంగతి సరేసరి, వానలు వెనకబడ్డాక అందులో ఇసుకే ఉంటుంది.

మరి ఇన్నేళ్లూ మిరప ఎలా పండిందంటే, పైచేను పొర్లబట్టి పండింది. మాకు ఎగువన ఊళ్లో పెద్ద రైతు ఒకాయన చేను ఉంది. మా ఇంట్లో ఆయన్ని పైచేనాయన అనే అంటాం. ఆయన చేలో నీళ్లు కట్టేటప్పుడు కాలువ గట్టుకి ఒక మడవ తీసి, అంటే చిన్న గండి కొట్టి, నీళ్లని ఒక చాలులోకి వదులుతారు. చాలు చివరిదాకా నిండాక పారతో ఆ గండి పూడ్చి పక్క చాలుకి తీస్తారు. మనిషి చేసే పని కదా, చుట్ట వెలిగించుకునేలోపు, ఎవరితోనో ఒక మాట మాట్లాడేలోపు చాలు నిండి పొర్లేది. ఆ పొర్లిన నీళ్లు హద్దు గట్టు దాటి మా చేలోకి దిగేవి. ఆయన చేను తాగి మూతి తుడుచుకుంటే మా చేను గొంతు తడిసేది. దాన్ని దానం అని ఎవరూ అనుకోలేదు, హక్కు అనీ అనుకోలేదు. పల్లం కాబట్టి వచ్చేవి, అంతే.

పొర్లు నీళ్లు చాలనప్పుడు మాత్రం అడగాలి. అడగడానికి మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది. ఇంటికి వెళ్లి అడగకూడదు. చేల్లో కేకేసి అడగకూడదు. పైచేలో నీళ్లు కడుతున్న పొద్దున, కిందిచేనువాళ్లు హద్దు గట్టు మూలకి వెళ్లి నిలబడాలి. పార భుజాన ఉండకూడదు, భుజాన ఉంటే పనికి పోతున్నట్టు. దాన్ని నేలకి ఆనించి, కర్ర మీద చేతులు పెట్టుకుని, నీళ్ల వైపు చూడకుండా వాగు వైపో రోడ్డు వైపో చూస్తూ ఉండాలి. నీళ్లు కడుతున్నాయన తన చాలు నిండాక తలెత్తి చూస్తాడు. ఇవ్వగలిగితే “ఏమ్మా, ఎండిందా?” అంటాడు. ఇవ్వలేకపోతే చూడనట్టు ఇంకో చాలు మీదకి వంగుతాడు. కాసేపుండి నిలబడ్డవాళ్లు వెళ్లిపోతారు. ఎవరూ ఎవరితోనూ ఏమీ అనలేదు కాబట్టి సాయంత్రం బజారులో ఎదురుపడితే మామూలుగా పలకరించుకోవచ్చు.

నాకు ఆ పద్ధతంటే ఒళ్లుమంట. నేను పక్క ఊరి హైస్కూల్లో సైన్సు చెబుతాను. పిల్లలకి ధైర్యంగా చెయ్యెత్తి అడగమని రోజూ చెప్పేదాన్ని, మా అమ్మ మాత్రం నోరుండీ మూగదానిలా గట్టు మీద నిలబడుతుంది. చిన్నప్పట్నుంచీ దీని మీద మా ఇద్దరికీ గొడవే. ఒకసారి కోపం పట్టలేక అనేశాను, “మన తాతలు వాళ్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డది చాల్లేదా? నువ్వు కూడానా?” అని.

అమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. తలెత్తలేదు. “అడిగామే అనుకో. ఆయన కాడ లేవనుకో. లేవన్న మాట ఆయన నోటెమ్మటి రావాలా? దాన్ని నేను ఇనాలా? నిలబడితే ఆ బాధ ఇద్దరికీ లేదు గదే.”

“మర్యాదంటే నిలబడటమా?”

“ముసురు పట్టి ఆయన చేను మునిగిన ఏడు, ఆయనొచ్చి ఇదే గట్టు మీద నిలబళ్లా? పార కింద పెట్టుకుని, అచ్చం నాలాగే. నేను మన చేనుకి గండి కొట్టి ఆయన నీళ్లన్నీ వాగులోకి దించలా? నీకు తెలవదులే. నువ్వప్పుడు ట్రైనింగులో ఉండావు.”

ఆ సంగతి నాకు నిజంగా తెలియదు. పెద్దరైతు మా గట్టు మీద పార ఆనించి, మా అమ్మ తలెత్తి చూసేదాకా వాగు వైపు చూస్తూ నిలబడ్డాడంటే నమ్మబుద్ధి కాలేదు. నమ్మాక కూడా నా ఒళ్లుమంట పూర్తిగా చల్లారలేదు. ఆయన నిలబడింది ఒక్క ముసురు ఏడు. అమ్మ నిలబడింది ప్రతి ఏడూ.

అమ్మకి ఆ చేను ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. మా పేటలో ఆడవాళ్లందరూ మిరపకోతకి కూలికి వెళతారు. అమ్మా వెళ్లేది. కానీ ఏటా కొన్ని రోజులు, తన చేలో కాయ పండినప్పుడు, తనే నలుగురిని కోతకి పిలిచేది. ఆ రోజుల్లో అమ్మ నడకే వేరు. పొద్దున్నే తలకి గుడ్డ చుట్టి, “ఒసేయ్, మొగ్గలు రాలగొట్టమాకండే” అని అరుస్తూ చాళ్ల మధ్య తిరిగేది. మా చర్చిలో పంట కానుకలు తెచ్చే ఆదివారం మిగతావాళ్లు బియ్యమో కొబ్బరికాయో కొని తెచ్చేవాళ్లు. అమ్మ తన చేలో కాసిన ఎండుమిరపకాయలు పళ్లెం నిండా తెచ్చి బల్ల ముందు పెట్టేది. ఘాటుకి ముందు వరసలో అందరూ తుమ్మేవాళ్లు. అమ్మ తుమ్మేది కాదు. మా పేటలో తనొక్కతే రైతు, మిగిలినవాళ్లంతా కూలీలు. నా జీతమొస్తోంది కదా, మానెయ్యవే అని నేనెన్ని సార్లు అన్నా వినకపోవడానికి కారణం అదే. ఆ చేను పోతే తను మళ్లీ ఒట్టి కూలిమనిషి అయిపోతుంది, ఆ వయసులో.

పోయినేడు పైచేనాయనకి మోకాలు ఆపరేషన్ అయింది. మంగళగిరిలో కూతురు దగ్గర ఉంటున్నాడు. నీళ్లు కట్టే పనివాడేమో చీమకుర్తి గ్రానైటు క్వారీలో చేరాడు. ఇంకెవరూ దొరకలేదు. ఈ కాలంలో మోకాలి లోతు బురదలో పార పట్టుకుని పొద్దస్తమానం నిలబడేదెవరు? అప్పుడు ఆయన అల్లుడు, మంగళగిరిలో ఏదో ఆఫీసులో పనిచేసే అబ్బాయి, చేనంతటినీ దానంతటదే తడుపుకునేలా చేస్తానన్నాడు. మంచి కుర్రాడే. ఎవరితోనైనా నవ్వుతూ మాట్లాడతాడు. మా అమ్మని ఆంటీ అన్నాడు, ఆ చేలో ఆ మాట అదే మొదటిసారి.

కాలువలో నీళ్లొచ్చిన రోజున చేను పక్కన తవ్వించిన కుంట నింపుకుంటారు. కుంట నుంచి పెద్ద గొట్టం. దానికి వరసగా చిన్న చిన్న గేట్లు, ఒక్కో గేటు కింద కొన్ని చాళ్లు. ప్రతి వరసలో ఒక చాలులో, చివరికి ఇంకా కొంత దూరం ఉండగానే, మొలలాంటి కడ్డీ ఒకటి గుచ్చారు. నీళ్లు పారుకుంటూ వచ్చి ఆ కడ్డీని తాకగానే అక్కడ గేటు మూసుకుని పక్క గేటు తెరుచుకుంటుంది. చాల్లో అప్పటికే ఉన్న నీళ్లు మిగిలిన దూరం మెల్లగా జారి, చివరికొచ్చేసరికి సరిగ్గా ఇంకిపోతాయి. ఎప్పుడు మొదలుపెట్టాలో నేలలో పాతిన ఇంకో పరికరం తడి చూసి చెబుతుంది. కరెంటు కేబుళ్లు కోసుకుపోయే దొంగల భయానికి స్తంభం మీద సోలారు పలక, దాని కింద కెమెరా.

మొదటిసారి నడిపించిన రోజు ఊళ్లో సగంమంది చేలోనే ఉన్నారు. నేనూ అమ్మా వెళ్లాం. గేటు తెరుచుకోగానే చాలులో నీళ్లు ఎండుటాకుల్ని తోసుకుంటూ వచ్చాయి. కడ్డీని తాకాయి. గేటు మూతపడింది. జనం చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. నీళ్లు కట్టడానికి మనుషులు అక్కర్లేకపోతే, నిలబడి అడిగే పనీ ఉండదు కదా అని నాకు లోపల్లోపల సంతోషం కూడా వేసింది. చేతికర్రతో కుర్చీలో కూర్చున్న పైచేనాయనతో అల్లుడు, “ఇక చుక్క కూడా బయటికి పోదు మామయ్యా” అన్నాడు. అందరూ తలలూపారు. ఆ బయటికి అన్న మాటకి అర్థం మేమేనని అక్కడున్న ఒక్కరికీ తట్టలేదు. చుక్క నీటి విలువ గురించి పిల్లల చేత బొమ్మలు గీయించే నాకూ తట్టలేదు.

అమ్మ మాత్రం ఒకటే అడిగింది. “మరి చేలో మనిషి లేకపోతే ఎట్టా నాయనా? చూసేదెవురు?”

అల్లుడు నవ్వి ఫోను తీసి చూపించాడు. తెర మీద మేమందరం ఉన్నాం, చీమల్లా. “ఇదిగో ఆంటీ, మీరు. మామయ్య ఎక్కడున్నా చేనంతా కనిపిస్తూనే ఉంటుంది. మంగళగిరిలో కాఫీ తాగుతూ చూసుకోవచ్చు.” అమ్మ తెరకేసి, స్తంభానికేసి మార్చి మార్చి చూసి, పమిట సర్దుకుంది.

ఆ ఏడు నాట్లయ్యాక రెండు మంచి వానలు పడ్డాయి, అందుకే మాకు ఏమీ తెలియలేదు. ఆ తర్వాత ఆకాశం తెల్లగా అయిపోయింది. పూత మొదలయ్యే వేళకి మా చేలో నల్లరేగడి నెర్రెలిచ్చింది. పైచేను మాత్రం ఎప్పుడూ లేనంత పచ్చగా ఉంది. అక్కడ వారం వారం గేట్లు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. గట్టు ఇవతలికి తడి రావడం లేదు. అమ్మ చాలు చివర వంగి, పైచేను అంచున మట్టి పిడికిట్లోకి తీసుకుని చూసేది. అక్కడిదాకా చెమ్మ ఉండేది. గట్టు దగ్గర దుమ్ము. ఇంత సరిగ్గా ఎలా ఆగిపోతున్నాయే అని నన్నడిగింది. నేను కడ్డీ గురించి, నీటి వేగం గురించి క్లాసులో చెప్పినట్టు చెప్పాను. అమ్మ అంతా విని, “ఎంత తెలివో” అంది. అందులో ఎకసెక్కం లేదు, నిజంగానే మెచ్చుకుంది.

వాగులో చెలమ తవ్వి బిందెలతో మోశాం. ఒకసారి ట్యాంకరు తెప్పించాను. ఆ నీళ్లని నెర్రెలు ఎటు మింగాయో తెలియలేదు. ఆదివారం పాస్టరుగారు వాన కోసం ప్రార్థన చేయించారు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది మా అమ్మే.

ఒకరోజు పొద్దున స్కూటీ మీద స్కూలుకి వెళుతూ రోడ్డు మీంచి చూస్తే, హద్దు గట్టు మూల అమ్మ నిలబడి ఉంది. పార నేలకి ఆనించి, కర్ర మీద చేతులు పెట్టుకుని, వాగు వైపు చూస్తూ. పైచేలో నీళ్లు పారుతున్నాయి. చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు. ఎండ అప్పుడే వీపు మీద కొడుతోంది. ఇంకో విషయం చూసి నాకు మతిపోయింది. అమ్మ చర్చికి కట్టుకునే చీర కట్టుకుంది. తల నున్నగా దువ్వుకుంది.

స్కూటీ రోడ్డు పక్కన పడేసి చేలోకి పరిగెత్తాను. “ఎవరున్నారనమ్మా నిలబడ్డావు? గేట్లకి దండం పెడుతున్నావా?”

“గట్టిగా అరవమాకే. చూస్తా ఉంటాడు.”

“ఎవరు?”

అమ్మ చెయ్యి చూపించలేదు, కళ్లతోనే స్తంభం వైపు సైగ చేసింది. అప్పుడు అర్థమైంది. కెమెరాకి ఎదురుగా, సరిగ్గా కనబడేచోట నిలబడింది. మంగళగిరిలో పైచేనాయన కాఫీ తాగుతూ తనని చూస్తాడని, ఫోన్లో పడతాను కదా అని మంచి చీర కట్టుకొచ్చింది. కెమెరా వైపు చూడటం మర్యాద కాదని వాగు వైపు చూస్తోంది.

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. “ఫోన్ చేస్తాను ఉండు, ఒక్క నిమిషం పని” అన్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. “ఫోన్ చేసి అడిగితే ఆయన ఏదో ఒకటి చెప్పాలి గదా. కుంటలో ఆయనకే చాలవేమో. అల్లుడి సొత్తాయె ఇప్పుడు, ఆయనకేం ఇబ్బందో. మనం నిలబడితే ఆయన ఇష్టం. నువ్వు బడికి పో, పిల్లలు ఎదురుచూస్తుంటారు.”

తర్వాత కొన్ని పొద్దులు అలాగే నిలబడింది, పైచేలో నీళ్లు పారినప్పుడల్లా. నేను రోడ్డు మీంచి చూసి, పళ్లు కొరుక్కుని, వెళ్లిపోయేదాన్ని. మా చేలో పూత రాలింది. ఆకు ముడుచుకుంది. ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ ఆ చీర ఉతికి ఆరేస్తోంది.

“ఇంక నిలబడను” అంది. “చూశాడు. అన్ని సార్లు చూసి ఊరుకున్నాడంటే లేవనే గదా. పోనీలే. పాపం, ఆయనకి మాత్రం ఎట్టా ఉంటదో.”

నాకు ఒళ్లు మండిపోయింది. “పాపమా? పూర్తిగా బలిసింది ఆయనకి. కళ్ల ముందు చేను ఎండుతుంటే కాఫీ తాగుతూ చూశాడా?” అని ఇంకా రాయకూడని మాటలు అన్నాను. అమ్మ చెవులు మూసుకుంది. ఫోన్ చెయ్యనని నా చేత మాట తీసుకుంది. ఆయన మర్యాదగా చూడనట్టు ఊరుకున్నాడు, నేను ఫోన్ చేసి ఆయన చేత లేదనిపించడం పెద్ద తప్పట. ఆ ముసలాయన ఎన్నడూ అనని మాటని మా అమ్మ తన మనసులో తనే విని, ఒప్పుకుని, ఆయన్ని క్షమించేసింది కూడా.

కొన్నాళ్లకి స్కూల్లో, ఇంటర్వెల్ అప్పుడు, మా లెక్కల మాస్టారు మొహమాటంగా నా దగ్గరికొచ్చారు. ఆయనకి మా ఊరి కాలువ కింద పొలం ఉంది. కాలువ రైతులందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. మాకు నీటి హక్కు లేదు కాబట్టి మేము అందులో లేము. “మేడమ్, ఇది మీరు చూశారో లేదో... మీ అమ్మగారే కదా” అని ఫోను నా చేతికిచ్చారు.

వీడియో. గేటు, గొట్టం, చాల్లో మెరుస్తూ పోతున్న నీళ్లు. మూలగా, మంచి చీర కట్టుకుని, పార ఆనించుకుని మా అమ్మ. చప్పుడు లేదు. అమ్మ కదలడం లేదు. ఒకసారి పమిట కొంగుతో మెడ తుడుచుకుంది, అంతే. కింద, ఆంటీ అని పిలిచి కూడా అమ్మని గుర్తుపట్టని అల్లుడి మెసేజ్: “ఈవిడ ఎవరు? నీళ్లు పారినప్పుడల్లా పారతో మా గేటు దగ్గర ఉంటోంది. ఎవరికైనా తెలుసా?” దాని కింద జవాబులు. మా పేట పేరు చెప్పి ఫలానా వాళ్ల ఆవిడ అని ఒకరు. ఈమధ్య కేబుళ్లు బాగా పోతున్నాయి, కాస్త కనిపెట్టి ఉండండి అని ఇంకొకరు. దానికి బొటనవేలి బొమ్మలు.

ఆ గ్రూపులో ఉన్నవాళ్లలో పెద్దవాళ్లంతా ఏదో ఒక గట్టు మీద ఎప్పుడో ఒకప్పుడు అలా నిలబడ్డవాళ్లే. పార నేలకి ఆని ఉందంటే ఏమిటో వాళ్లకి తెలియదా? ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, అయ్యా ఆమె నీళ్లకి నిలబడింది అని రాయలేదు. చదివారో లేదో, చదివి మనకెందుకులే అనుకున్నారో.  మాస్టారి ఫోను ఆయనకిచ్చేసి, చెట్టు కిందకి వెళ్లి, అమ్మకిచ్చిన మాట పక్కన పెట్టి మంగళగిరికి ఫోన్ చేశాను.

పైచేనాయనే ఎత్తాడు. ఆయనది మీటలు నొక్కే పాత ఫోను. నేను ఆవేశంగా అంతా చెప్పేశాను. 

“నిలబడిందా?” అన్నాడు. “నా గట్టు మీద? ఎన్నాళ్లు?”

“మీరు చూశారుగా!”

“నేనేడ చూశానమ్మా. ఆ బొమ్మలొచ్చేది అల్లుడి ఫోనుకి. అడిగితే ఎప్పుడన్నా ఒకసారి చూపిస్తాడు, పచ్చగుంది మామయ్యా అని. మీ అమ్మ నిలబడతంటే నేను చూడనట్టు ఊరుకుంటానా? ఆ ముసురులో నా చేనుని కాపాడిన మనిషి.” ఏడ్చేశాడు. పక్కకి తిరిగి, “ఏందయ్యా ఇది? మనిషొచ్చి పార ఆనించి నిలబడితే దొంగంటావా?” అని అరవడం వినిపించింది. కేకలు వేయాలని ఫోన్ చేసిన నాకు, తీరా ఆ ముసలాయన మీద కేకలేసే వీలు లేకుండా పోయింది.

అల్లుడు ఫోన్ అందుకున్నాడు. నిజంగానే కంగారుపడ్డాడు. “సారీ మేడమ్, నాకు అస్సలు తెలీదు. అక్కడ మనిషి కదిలితే నాకు అలారం వస్తుంది. నీళ్లు పారే పొద్దునల్లా మీటింగులో ఉండగా మోగుతుంటే గ్రూపులో అడిగాను. ఊళ్లో ఆవిడే అన్నారు కదా అని, ఆ తర్వాత ఆ ఒక్క మూల మాత్రం కెమెరాలో కనపడకుండా ఆపేశాను.” అంటే ఆ తర్వాత అమ్మ నిలబడ్డ పొద్దులు ఏ ఫోన్లోనూ లేవు. చీర ఇస్త్రీ చేసుకుని వెళ్లి, తనని చూడకుండా కప్పేసిన కన్ను ముందు నిలబడి వచ్చింది.

ఇంటికి వెళ్లి అమ్మకి సగమే చెప్పాను. దొంగ అన్న ముక్క మింగేశాను. ఆయన అసలు చూడనే లేదని మాత్రం చెప్పాను. అమ్మ పొయ్యి దగ్గర అలాగే కూర్చుండిపోయింది.

“చూళ్లేదా?” అంది. కాసేపాగి, “అయితే లేవన్లేదన్న మాట” అంది. ఇంకాసేపటికి, “బాధపడ్డాడా?” అంది.

“ఏడ్చాడు.”

“నిన్ను ఫోన్ చెయ్యొద్దన్నానా లేదా?” అని నా మీద విసుక్కుంది.

మర్నాడు శనివారం. పొద్దున్నే నీళ్లొచ్చాయి. అల్లుడు మంగళగిరి నుంచి ఏం నొక్కాడో, చివరి వరస గేటు తెరిచే ఉంచాడు. చాలు నిండి, కడ్డీని దాటి, గట్టు మీంచి మా చేలోకి ధారగా దిగుతున్నాయి. నెర్రెల్లోకి గుడగుడమని పోతున్నాయి. నేను వంగి ఒక మొక్క కాడ విరిచాను. పుల్ల విరిగినట్టు విరిగింది, లోపల పచ్చదనం లేదు. ఇంకోటి విరిచాను. చాలు చివరిదాకా విరుస్తూ పోయాను. ఎక్కడో వాగు పక్కన నాలుగు మొక్కల్లో కాస్త జీవం ఉంది.

వెనక్కి తిరిగి చూస్తే అమ్మ చీర ఎగదోపుకుని చేలోకి దిగింది. పారతో మొదటి చాలుకి గండి తీసి నీళ్లు మళ్లిస్తోంది. నిండాక పూడ్చి, రెండో చాలుకి తీసింది. ప్రతి మొదలు దగ్గరా మట్టి సర్దుతోంది, ప్రాణమున్న మొక్కకి చేసినట్టే.

“అమ్మా, చచ్చిపోయినయ్యే. నీళ్లెందుకు?”

“నాకు తెలవదా? నిన్ననే ఇరిచి చూసుకున్నా.” ఆపకుండానే అంది. “పైచేలో కోత మొదలుపెడతన్నారంట. సోమారం నించి నేనూ వస్తానని మేస్త్రితో చెప్పా.”

“మరి ఇదెందుకు?”

“ఈయాల కెమెరా ఇటు తిప్పి ఉంటాడు గదే. ఆయన చూస్తా ఉంటాడు. నీళ్లిచ్చాక కూడా ఎండినయ్యంటే ఆలస్యం చేశానని ఆ మనిషి అన్నం తింటాడా? కాలొకటి బాగాలేదాయె.” పార పైకెత్తి నా వైపు ఊపింది. “నువ్వు కాస్త పక్కకి జరుగు. అడ్డం వస్తన్నావు.”

జరిగాను. గట్టు మీద కూర్చుని చూస్తుండిపోయాను. నాకు అప్పుడు అమ్మ మీద వచ్చినంత కోపం జన్మలో ఎవరి మీదా రాలేదు. లేచి వెళ్లి ఆ స్తంభాన్ని ఊడపీకాలనిపించింది.  మా చేను నాకు గుర్తున్నంతలో ఎప్పుడూ అంత చక్కగా తడవలేదు.

పొద్దెక్కాక నా ఫోన్ మోగింది. అల్లుడి మెసేజ్. “మామయ్యకి పెద్ద స్క్రీన్ మీద చూపిస్తున్నాను మేడమ్. పొద్దుట్నుంచి కదలకుండా చూస్తున్నారు. చేను కోలుకుంటుందా అని అడగమంటున్నారు.”

అమ్మకి చదివి వినిపించాను. అమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి, స్తంభం వైపు చూడకుండా, కొంగుతో మొహం తుడుచుకుంది.

“కోలుకుంటదని పెట్టు” అంది.

కోలుకుంటుందండీ అని పెట్టాను. అమ్మ ఇంకో చాలుకి నీళ్లు తీసింది.